వంగిన బండి అడుగురేకు – తక్కువ ఖర్చుతో మరమ్మతు

మన గోదావరి డెల్టా పంటల సీమ. అయితే పండిన పంట పొలములో నున్నంత కాలము పంట మాత్రమే. బజారు చేరిన పిమ్మటనే అది ధనమగును. కావున ఈ ప్రాంతమున పంటకెంత ప్రాముఖ్యము కలదో దానిని మోయు బండికిని అంత ప్రాముఖ్యము కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు త్రోవయు నిచ్చినవి. కాలువలో పడవ, గట్టుమీద ఎడ్లబండి చిరకాలము మన సరకులను మోసినవి. నేడు ఆ భారములో పెద్ద పాలు చిన్న ట్రక్కుపై పడినది. 2005లో టాటా ఏస్ బజారులోనికి వచ్చినప్పుడు దానికి ‘ఛోటా హాథీ’ యని జనులు పెట్టిన ముద్దుపేరు నేటికిని నిలిచియున్నది. మహీంద్రా బొలెరో పికప్పు, అశోక్ లేలాండ్ దోస్త్ మొదలగునవియు మన రోడ్లమీద విరివిగా కనబడును. అంబాజీపేట కొబ్బరికాయలు, రావులపాలెము అరటిగెలలు, కడియపులంక పూలమొక్కలు, భీమవరము ప్రాంతపు చేపలు, రొయ్యలు – ఇవన్నియు ఇట్టి బండ్ల వెనుకభాగములోనే ప్రయాణము సాగించుచున్నవి.

ఆ వెనుకభాగపు అడుగున నుండు ఉక్కురేకును గూర్చి ఈ వ్యాసమున కొంత ముచ్చటింపదలచితిమి. కళాశాల పత్రికకు ఇది తగిన విషయమా యని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని మన విద్యార్థులలో ఎందరి ఇండ్లకో ఇట్టి బండియే జీవనాధారము. సాధారణముగా అది అప్పుపై కొన్నది. నెలనెలా కిస్తీ కట్టవలసినది. అది షెడ్డులో నిలిచిన ప్రతిదినము రాబడి ఆగును గాని కిస్తీ ఆగదు. అందుచేతనే అడుగురేకు వంగినప్పుడు యజమాని తొందరపడి, “మీదనొక రేకు కొట్టి పంపుము” అని మేస్త్రితో అనును. ఆ చౌకబేరము మూడవయేట ఎంత ప్రియమగునో, అంతకంటె తక్కువ వ్యయముతో నిజమైన మరమ్మతు ఎట్లు సాధ్యమో వివరించుటయే మా ఉద్దేశ్యము.

రేకు ఏల వంగును?

వంకరలన్నియు ఒక్క జాతివి కావు. ప్రధానముగా నాలుగు కారణములు కనబడుచున్నవి.

మొదటిది దెబ్బ. ఇటుకలు, రాళ్ళు, ఇనుప సామాను ఎత్తునుండి జారవిడిచినప్పుడు ఆ చోట రేకు సాగి సొట్టపడును. రెండవది ఆధారము చెడుట. అడుగురేకు తనంతట బరువు మోయదు. దాని క్రింద ఛాసిసుకు అడ్డముగా అమర్చిన ఛానెళ్ళు మోయును. వాటిలో ఒకటి కుంగినను, వెల్డింగు ఊడినను, రేకు దానిననుసరించి క్రిందికి దిగును. మూడవది తుప్పు. ఐసు పెట్టెల నుండి కారు ఉప్పునీరు, ఎరువుల బస్తాల నుండి రాలు పొడి, మొక్కల సంచుల తడిమట్టి – ఇవి రేకునకును ఛానెలునకును నడుమనున్న సందులో చేరి నిలుచును. ఉక్కు తుప్పుగా మారినప్పుడు రెండింతలకు పైగా స్థలము నాక్రమించును. ఆ సందులో పెరిగిన తుప్పు మేకువలె పనిచేసి రేకును పైకి లేపును. నాలుగవది వెనుకటి మరమ్మతే. ఒకేచోట ఏకధాటిగా పొడవైన వెల్డింగు పెట్టినచో ఆ వేడికి రేకు ముడుచుకొని, చుట్టుప్రక్కల అలలవలె లేచును.

ఇందు ఒక చిన్న లెక్క విద్యార్థులు గమనింపదగినది. ఉక్కు ఒక్క డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కినచో తన పొడవులో పది లక్షలకు సుమారు 12 పాళ్ళు పెరుగును. ఒక మీటరు పొడవు రేకు 50 డిగ్రీలు వేడెక్కినచో పెరుగుదల 0.6 మిల్లీమీటరు మాత్రమే. గోటి మందమునకు దగ్గరగా నుండును. అయితే ఆ రేకు రెండు చివరలును కదలకుండ బిగించియున్న యెడల, ఆ పెరుగుదలకు ప్రక్కకు పోవుటకు దారిలేక రేకు విల్లువలె లేచును. ఎంత లేచును? గణితము ప్రకారము నడుమ భాగము సుమారు 15 మిల్లీమీటర్లు, అనగా అర అంగుళమునకు పైగా లేచును. అర మిల్లీమీటరు పొడవు పెరిగిన పాపమునకు అర అంగుళపు ఉబ్బు శిక్ష!

ఎండవలన కలిగిన ఉబ్బు సాయంకాలమునకు తగ్గును. కాని దెబ్బవలన సాగిన లోహము మరల తగ్గదు. కావున ఉబ్బిన రేకు అనగా చోటు మారిన రేకు కాదు, పొడవు పెరిగిన రేకు. ఈ ఒక్క సత్యము తెలిసినచో మరమ్మతు సగము తెలిసినట్లే. ఏలననగా సుత్తిదెబ్బ లోహమును పలుచన చేసి ఇంకను సాగదీయును. ఉబ్బును అణచవలెనని పైనుండి బాదినకొలదియు ఉబ్బు పెరుగుచునే యుండును. ఇచ్చట అణగి అచ్చట లేచును. నూనెడబ్బా అడుగును వ్రేలితో నొక్కినప్పుడు టక్కున లోపలికి పోయి, వదలినప్పుడు టక్కున వెలికివచ్చు రీతి అందరెరిగినదే. సాగిన అడుగురేకు కూడ అట్లే పలుకును. దానికి కావలసినది బాదుట కాదు, ముడుచుట.

ముందు పరీక్ష

వైద్యునికి నాడి ఎట్టిదో మేస్త్రికి పరీక్ష అట్టిది. ముందుగా బండిని ఖాళీచేసి, అడుగును మంచినీటితో పైనను క్రిందను బాగుగ కడిగి ఆరనీయవలెను. ఉప్పు మిగిలిన చోట ఎంత రంగు పూసినను నిలువదు. పిమ్మట ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నూలుదారమును బిగుతుగా లాగి, రేకునకును దారమునకును నడుమ దూరమును అడుగడుగునకు కొలిచి సుద్దముక్కతో రేకుమీదనే వ్రాయవలెను. ఎచ్చట పల్లము, ఎచ్చట ఉబ్బు అనునది అప్పుడు పటమువలె కనబడును.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. కర్మాగారమున తయారైన అడుగురేకులలో పొడవునను గాడులు నొక్కియుండును. అవి వంకరలు కావు, బలమునకు పెట్టినవి. ఒక కాగితమును చదునుగా పట్టుకొన్నచో వ్రేలాడును. దానినే ముడుతలుగా మడచినచో నిటారుగా నిలుచును. షెడ్లపై వేయు రేకులకు అలలుండుటకు కారణమును ఇదియే. కావున గాడులను చదునుచేయుట మరమ్మతు కాదు, బలహీనపరచుట.

తరువాత సుత్తితో మెల్లగా తట్టుచు వినవలెను. మంచి లోహము ఖంగుమని మ్రోగును. తిన్న లోహము మొద్దుగా పలుకును. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో గ్రుచ్చి చూడవలెను. అటుపిమ్మట క్రిందనుండి ఛానెళ్ళను, వాటి వెల్డింగులను, ఛాసిసునకు బిగించిన బోల్టులను చూడవలెను. బండి క్రింద దూరునప్పుడు జాకీని మాత్రము నమ్మరాదు. గట్టి స్టాండ్లు గాని దిట్టమైన కొయ్యదిమ్మెలు గాని ఛాసిసు క్రింద పెట్టి, చక్రములకు అడ్డు వేసిన పిదపనే దూరవలెను. రేకు ఖరీదుతో ప్రాణము ఖరీదును తూచరాదు.

పల్లము ఛానెలుతో సహా దిగినచో దోషము ఆధారమునది. ఛానెళ్ళు సరిగానుండి రేకు మాత్రమే దిగినచో దోషము దెబ్బది. ఛానెలు వెంబడి గీత గీచినట్లు రేకు లేచినచో దోషము తుప్పుది. పాత వెల్డింగు చుట్టును అలలున్నచో దోషము వేడిది. రోగమేదో తేల్చుకొనక మందు వేయరాదు.

పనికి ముందు జాగ్రత్తలు

వెల్డింగుకు గాని, గ్రైండరుకు గాని పూనుకొనుటకు ముందు బ్యాటరీ నెగటివు తీగను తీసివేయవలెను. నేటి బండ్లలో ఎలక్ట్రానిక్ పరికరములున్నవి. వెల్డింగు విద్యుత్తు వాటిగుండ పోయినచో నష్టము రేకు ఖర్చును మించిపోవును. ఎర్తు క్లాంపును వెల్డింగు చేయు చోటికి అతి సమీపమున తగిలింపవలెను. డీజిలు టాంకు, ఇంధనపు గొట్టములు, బ్రేకు గొట్టములు, విద్యుత్తు తీగలు రేకు క్రింద ఎచ్చట పోవుచున్నవో ముందుగా చూచుకొనవలెను. సి.ఎన్.జి. బండి అయినచో సిలిండరు సమీపమున నిప్పుపని సొంతముగా తలపెట్టనే రాదు. ఆ పనికి అనుమతి కలవారిచే దానిని తీయించిన పిదపనే ముందుకు పోవలెను. జింకుపూత కలిగిన రేకును వెల్డింగు చేయునప్పుడు వెలువడు తెల్లని పొగ జ్వరము తెచ్చును. కావున ఆ చోట పూతను ముందుగా గీకివేసి, గాలి బాగుగ ఆడు చోట పనిచేయవలెను. కంటికి అద్దము, చేతికి తొడుగు, ప్రక్కన నీటిబక్కెట్టు, ఇసుక – ఇవి ఖర్చులు కావు, పొదుపులు.

సరిదిద్దు క్రమము

ముందు ఆధారము, తరువాత రేకు. ఇది తప్పరాని వరుస. కుంగిన ఛానెలు మీద రేకును చదునుచేసినచో పునాది లేని గోడను పూసినట్లగును.

ఛానెలు కొద్దిగా వంగియున్నచో ఛాసిసుపై దిట్టమైన కొయ్యదిమ్మె పరచి, దానిపై చిన్న హైడ్రాలిక్ జాకీని నిలిపి, ఛానెలు క్రింద మరియొక దిమ్మె పెట్టి, కొద్దికొద్దిగా ఎత్తవలెను. ఉక్కునకు కొంత వెనుకకు పోవు గుణము కలదు. కావున దారపుమట్టమునకు కొంచెము మించి ఎత్తి, జాకీ వదలి, మరల కొలిచి చూడవలెను. పైన నిప్పు అక్కరలేదు, బాదుట అక్కరలేదు. ఇట్లు చల్లగానే సరియగు వంకరను చల్లగానే సరిచేయుట ఉత్తమము.

రేకులో మాత్రమే పల్లమున్నచో పైన అడ్డముగా ఒక గట్టి ఛానెలు ముక్కను రెండు దిమ్మెలమీద పరచి, పల్లపు నడుమ ఒక రంధ్రము తొలిచి, క్రిందనుండి వెడల్పాటి ఉక్కుబిళ్ళతో ఒక బోల్టు దూర్చి, పైన నట్టును నెమ్మదిగా త్రిప్పవలెను. నట్టు తిరిగినకొలదియు పల్లము పైకి వచ్చును. ఈ పనికి కావలసినది ఒక బోల్టు, ఒక స్పానరు, కొంత ఓర్పు. పని ముగిసిన పిమ్మట ఆ రంధ్రమును మూసివేయవచ్చును. చోటు కుదిరినచో నీరు పోవు మార్గముగా వాడుకొనవచ్చును.

ఇక సాగిన ఉబ్బు విషయము. మన పల్లెలలో ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా తొడుగు విధానమును పెద్దలు చూచియున్నారు. కమ్మరి ఆ పట్టాను చక్రము కంటె కొంచెము చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చును. వేడికి అది సాగి చక్రముపై దిగును. వెంటనే నీరు పోయగా అది ముడుచుకొని కొయ్యను బిగించి పట్టును. వేడికి సాగుట, చలువకు ముడుచుట – ఈ సూత్రమే ఇచ్చటను పనిచేయును. ఉబ్బు శిఖరమున రూపాయి బిళ్ళంత చోటును మాత్రమే గ్యాసుమంటతో ఎర్రబడునట్లు కాల్చవలెను. ఆ బిళ్ళంత లోహము సాగవలెనని యత్నించును. చుట్టునున్న చల్లని లోహము దానిని సాగనీయదు. దారిలేక అది మెత్తబడి మందమెక్కును. అప్పుడు క్రింద డాలీ పట్టి, పైన తేలికగా తట్టి, తడిబట్టతో చల్లార్చవలెను. చల్లారునప్పుడు ముడుచుకొని చుట్టునున్న అదనపు లోహమును తనవైపునకు లాగుకొనును. ఒకచోట చేసి, పూర్తిగా చల్లారిన పిదప కొలిచి, అవసరమైనచో మరియొక చోట చేయవలెను. అత్యాశతో పెద్దచోటు కాల్చినచో కొత్త వంకర పుట్టును.

ఈ పద్ధతి మామూలు మెత్తని ఉక్కురేకునకు మాత్రమే తగినది. బండి ఛాసిసును ఎన్నడును ఇట్లు కాల్చరాదు. కాల్చినచో దాని బలము చెడి, బరువెక్కినప్పుడు పగుళ్ళు పుట్టవచ్చును.

అతుకు వేయు విధము

తుప్పుతిన్న భాగమును మూసిపెట్టరాదు, కోసివేయవలెను. మంచి లోహము కనబడువరకు కోసి, మూలలను గుండ్రముగా తీర్చవలెను. పదునైన మూలలనుండియే పగుళ్ళు ప్రారంభమగును. అతుకు ముక్క పాత రేకు మందముతో సమానముగా గాని కొంచెము ఎక్కువగా గాని ఉండవచ్చును. దానిని నాలుగు వైపుల చుక్కలుగా అతికి, తరువాత అంగుళము పొడవున వెల్డింగు పెట్టి, నాలుగైదంగుళములు విడిచి, ఎదుటివైపు మరియొక అంగుళము పెట్టవలెను. చేయి పట్టుటకు వీలుగా చల్లారిన పిదపనే మిగిలిన ఖాళీలు పూరింపవలెను. కార్బన్ డయాక్సైడు వెల్డింగు ఉన్నచో రేకునకు అదియే మేలు. అందు వేడి తక్కువగా వ్యాపించును. తొందర ఇచ్చట శత్రువు. ఒకే ఊపున చుట్టును వెల్డింగు లాగినచో, తీసిన వంకర మరల తిరిగివచ్చును. కార్లకు వాడు పుట్టీని ఈ అడుగునకు వాడుట వ్యర్థము; మొదటి బరువునకే అది రాలిపోవును.

ఖర్చు లెక్క

ఇనుము ధర దినదినమును మారును గాని దాని బరువు మారదు. కావున మేము రూపాయలలో గాక కిలోలలో లెక్క చెప్పుచున్నాము. ఆనాటి ధరతో గుణించుకొనుట పాఠకులకు సులభము. ఒక మిల్లీమీటరు మందముగల ఉక్కురేకు చదరపు మీటరునకు 7.85 కిలోలు తూగును. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల అడుగును తీసుకొందము. దాని వైశాల్యము 35 చదరపు అడుగులు, అనగా సుమారు 3.25 చదరపు మీటర్లు. 14 గేజి, అనగా సుమారు 2 మిల్లీమీటర్ల రేకుతో అడుగంతయు మార్చినచో 51 కిలోల ఉక్కు కావలెను. 3 మిల్లీమీటర్ల రేకు వేసినచో దాదాపు 77 కిలోలు.

దానికి బదులు చెడిన చోట 2 అడుగుల చదరపు అతుకు మాత్రము వేసినచో ఉక్కు 6 కిలోలకు మించదు. క్రింద రెండు కొత్త అడ్డకమ్ములు వేయుదము. 40 మిల్లీమీటర్ల, 5 మిల్లీమీటర్ల మందపు యాంగిలు మీటరునకు 3 కిలోలు తూగును. 5 అడుగుల కమ్ములు రెండింటికి 9 కిలోలు చాలును. మొత్తము 15 కిలోలు. అనగా పూర్తి మార్పునకు కావలసిన ఉక్కులో మూడవవంతు కూడ కాదు. పాత ఇనుము దుకాణములలో ఇట్టి చిన్న ముక్కలు తూకమునకు దొరకును. తుప్పులేనివి, వంకరలేనివి ఏరుకొనుటయే పని.

యాంగిలు కమ్ములు ఏల? మందమైన రేకు వేయరాదా? అనునది సహజమైన ప్రశ్న. రేకు మందము 2 నుండి 3 మిల్లీమీటర్లకు పెంచినచో బిగువు మూడింతలకు కొంచెము పైగా పెరుగును. బరువు 25 కిలోలు పెరుగును. దానికి బదులు రెండు ఆధారముల నడుమ దూరమును సగము చేసినచో, ఒకచోట పడిన బరువునకు రేకు వంగుట ఎనిమిదవ వంతునకు తగ్గును. అందుకు కావలసినది తొమ్మిది కిలోల కమ్ములు. రేకును లావు చేయుట కంటె ఆధారమును దగ్గర చేయుట చౌక. ఇల్లు కట్టువారు వాసములను దగ్గరగా వేయుటలోని రహస్యమును ఇదియే.

మీదరేకు మోసము

ఇప్పుడు ‘మీదనొక రేకు’ సంగతి చూతము. పాతరేకుపై కొత్తది పరచి అంచులు వెల్డింగు చేసినచో ఆ దినము అడుగు అద్దమువలె కనబడును. కాని రెండు రేకుల నడుమ చేరిన ఉప్పునీటికి ఎండ తగలదు, గాలి తగలదు. ఎచ్చట తుప్పు పుట్టినదో అచ్చట దానికి కొత్త ఇల్లు కట్టి ఇచ్చినట్లగును. పాతరేకు కనబడకుండ కరగిపోవును. క్రింది ఛానెళ్ళును దానితోపాటు చెడును. బయటపడునాటికి రేకు మాత్రమే గాక ఆధారమంతయు మార్చవలసివచ్చును.

రెండవ నష్టము ఇంకను లెక్కకు వచ్చునది. ఆ రేకు బరువు 51 కిలోలు. బండి మోయదగిన బరువు చట్టముచే నిర్ణయింపబడినది. కావున ప్రతి ప్రయాణమునను 51 కిలోల సరకు తగ్గవలెను. దినమునకు ఒక్క నిండుబరువు చొప్పున ఏడాదికి 300 దినములు తిరిగిన బండి 15 టన్నులకు పైగా సరకు మోయు అవకాశమును ఆ రేకునకు అర్పించుకొన్నదన్నమాట. సరకు తగ్గింపక మోసినచో అధికబరువగును. 2019 సవరణ తరువాత మోటారు వాహనముల చట్టములో అధికబరువునకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయలు విధింపబడినవి. అంతకంటె ముఖ్యముగా బ్రేకులు, టైర్లు, కమానుకట్టలు ఆ భారమును మోయవలెను; గట్టు మలుపున వాటి ఓపిక తగ్గినచో మూల్యము మనుష్యులు చెల్లింతురు.

1988 నాటి ఆ చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు యజమాని తనంతట బండిని మార్చరాదు. పాతదానిని యథాస్థితికి తెచ్చుట మరమ్మతు. అడుగు పొడిగించుట, ప్రక్కలు పెంచుట మార్పు. ఈ భేదము గుర్తుంచుకొనవలెను.

మరల వంగకుండ

మరమ్మతు ముగిసిన రోజుననే రక్షణ ప్రారంభము కావలెను. వెల్డింగు గీతలను తీగబ్రష్షుతో శుభ్రపరచి, జింకు ప్రైమరు గాని రెడ్ ఆక్సైడు గాని పూసి, ఆరిన పిదప పై రంగు రెండు పూతలు వేయవలెను. పైకంటె క్రిందనే ఎక్కువ శ్రద్ధ కావలెను. వాడిన ఇంజను నూనె క్రింద పూయు అలవాటు కొందరికి కలదు. అది రబ్బరు భాగములను పాడుచేయును, నిప్పుపనికి అపాయము తెచ్చును, తిను సరకులు మోయు బండికి బొత్తిగా తగదు.

నీరు నిలుచు పల్లములలో చిన్న రంధ్రములుంచి, అవి మట్టితో మూసుకొనకుండ చూడవలెను. రబ్బరు చాప పరచువారు వారమున కొకసారి దానిని లేపి క్రింద ఆరబెట్టవలెను. చేపలు, రొయ్యలు, ఎరువులు మోసిన దినమున సాయంకాలమే మంచినీటితో కడుగుట, ఖర్చులేని మందు. ఇటుకలు, ఇనుము మోయువారు అడుగున కొయ్యబల్లలు, నడుమ సందులు విడిచి, పరచుకొన్నచో దెబ్బ బల్లమీద పడును, రేకు నిలుచును. ఎడ్లబండి అడుగున బల్ల చెడినప్పుడు ఆ బల్లనే మార్చుచుండిరి గాని బండి అంతయు మార్చలేదు. ఆ బుద్ధియే నేటి బండికిని వర్తించును. ఆ బల్లల బరువును మాత్రము సరకు లెక్కలో కలుపుకొనవలెను.

అయితే ప్రతి రేకును రక్షింపవలెనను పట్టుదలయు తగదు. అడుగులో మూడవవంతునకు పైగా తుప్పుతిన్నను, రెండు మూడు ఛానెళ్ళు చేతితో విరిగిపోవు స్థితిలో నున్నను అతుకులు మాని మొత్తము మార్చుటయే చౌకయని మా అభిప్రాయము. ఛాసిసులో పగులు కనబడినచో ఆ బండిని రోడ్డుపైకి తేక, తెలిసిన ఇంజనీరుకు చూపవలెను. అచ్చట పొదుపునకు తావులేదు.

ముగింపు

‘మరమ్మతు’ అను మాట అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల ద్వారా మన తెలుగులోనికి వచ్చి, మనదైపోయినది. మాటతోపాటు ఆ విద్యయు మన వీధులలో నిలిచియున్నది. టింకరింగు షెడ్డులో ఉస్తాదు ప్రక్కన నిలిచి డాలీ పట్టు బాలుడు భౌతికశాస్త్రము చదువకపోవచ్చును. కాని వేడికి లోహమేమగునో అతని చేతికి తెలియును. మన తరగతిలో ఆ సూత్రమును వ్రాసి మార్కులు పొందిన విద్యార్థికి అది చేతికి తెలియకపోవచ్చును. ఈ రెండు తెలివులును కలిసిననాడు కలుగు లాభము ఒక్క రేకుతో పోవునది కాదు.

కావున విద్యార్థి సోదరసోదరీమణులకు మా విన్నపమిది. మీ ఇంటిలోనో, మీ వీధిలోనో ఇట్టి బండి ఉన్నచో ఒక ఆదివారము నూలుదారము, సుద్దముక్క తీసుకొని దాని అడుగును కొలువుడు. మేస్త్రివద్దకు పోవుటకు ముందు రోగమేదో యజమానికి చెప్పగల స్థితికి రండు. కళాశాల కమిటీ పెద్దలు ఏటికొక దినము సమీపపు షెడ్డులలోని అనుభవజ్ఞులను పిలిపించి, ప్రయోగశాల ముందర ఒక వంగిన రేకును సరిచేయించి చూపినచో పుస్తకములోని ఉష్ణవ్యాకోచము పాఠము విద్యార్థులకు జీవితాంతము గుర్తుండును. ఆ పాఠము ఒక్క కుటుంబమునకైనను ఒక్క కిస్తీని సకాలమున కట్టు వీలు కల్పించినచో, ఈ పుటలు వృథా కాలేదని మేము సంతసింతుము.